గడప దాటిన చదువు – 9: వారం నెల అయిన కథ

గత భాగం అమెరికాలోని ఫిస్క్ అనే నల్లజాతి విద్యాలయం విద్యార్థుల పాటతో ముగిసింది. 1871లో ఆ పిల్లలు ఊరూరా కచేరీలు చేసి, అప్పుల పాలైన తమ విద్యాలయాన్ని మూతపడకుండా కాపాడుకున్నారు. నాష్‌విల్‌లోని జూబిలీ హాల్ ఆ పాటల డబ్బుతో లేచిన భవనమే. 1867లో రాజధాని వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయం పుట్టిన సంగతీ చెప్పుకున్నాం. బానిసత్వంలో అక్షరం ముక్క నేర్చుకున్నందుకు కొరడా దెబ్బలు తిన్న జనం, ఒక తరం తిరిగేసరికి డిగ్రీలు పుచ్చుకుంటున్నారు. అయితే ఆ డిగ్రీల చదువులో వాళ్ల ఊసు లేదు. గ్రీసు ఉంది, రోము ఉంది, ఇంగ్లండు రాజుల వంశావళి ఉంది. తమ తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారో, వచ్చాక ఏం కట్టారో, ఎవరిని ఎదిరించారో చెప్పే పుస్తకం బల్ల మీద లేదు.

ఆ పుస్తకాన్ని బల్ల మీదికి తెచ్చిన మనిషి కథ ఈ భాగం. ఆయన మొదలుపెట్టిన పండుగను నాలుగు దశాబ్దాల తర్వాత విశ్వవిద్యాలయం నట్టింట నిలబెట్టిన కుర్రాళ్ల కథ కూడా.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ కథలో ‘నీగ్రో’ అనే పదం వస్తుంది. ఇవాళ ఆ మాట వాడితే నొచ్చుకుంటారు. ఆ రోజుల్లో నల్లవాళ్లు తమ సంఘాలకూ పత్రికలకూ తామే గౌరవంగా పెట్టుకున్న పేరది. అందుకే ఆనాటి సంస్థల పేర్లలో దాన్ని అలాగే ఉంచుతున్నాను.

బొగ్గు మసి చేతుల్లో దినపత్రిక

1890ల మొదట్లో వెస్ట్ వర్జీనియా కొండల నడుమ నటల్‌బర్గ్ అని ఒక గని ఊరు. పగలంతా భూమి కడుపులో బొగ్గు తవ్వి, సాయంత్రానికి నల్లజాతి కార్మికులు ఆలివర్ జోన్స్ ఇంటికి చేరేవారు. జోన్స్ అంతర్యుద్ధంలో పోరాడిన పాత సైనికుడు. ఇంట్లోనే చిన్నగా ఫలహారాల కొట్టు నడిపేవాడు. ఆయనకు చదవడం రాదు. అయినా నల్లవాళ్ల గురించి వచ్చిన పుస్తకాలు కొనేవాడు, దినపత్రికలు తెప్పించేవాడు. చదివిపెట్టే మనిషి కోసం చూస్తుంటే, గనిలో పనిచేసే ఒక కుర్రవాడు దొరికాడు. ఒప్పందం సులువైనదే: నువ్వు చదివి వినిపించు, నేను తిండి పెడతాను. డబ్బు మాటే లేదు.

ఆ కుర్రవాడు కార్టర్ జి. వుడ్సన్. 1875 డిసెంబర్ 19న వర్జీనియాలోని న్యూ కాంటన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ బానిసలుగా పుట్టి విముక్తులైనవాళ్లు. తండ్రికి అక్షరాలు రావు. ఇంట్లో పొలం పనికే మనుషులు చాలక, బడికి వెళ్లింది ఏడాదికి కొద్ది నెలలే. జోన్స్ ఇంట్లో అతను పత్రిక చదువుతుంటే చుట్టూ కూర్చున్నవాళ్లు మధ్యలో ఆపి, “ఆ యుద్ధంలో నేనున్నాను, అక్కడ జరిగింది ఇదీ” అన్నట్టు తమ కథలు చెప్పేవారు. ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర అతని చెవిన పడింది అక్కడే. ఆ తర్వాత ఆయన చాలా పెద్ద చదువులు చదివాడు. నన్నడిగితే, ఆయన మొదటి విశ్వవిద్యాలయం ఆ ఫలహారాల కొట్టే.

ఇరవయ్యో ఏట హైస్కూల్లో చేరాడు. రెండేళ్లలో ముగించాడు. కెంటకీలోని బెరియా కాలేజీలో తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి చదివేవారు. అక్కడ 1903లో పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడే, 1904లో, రెండు జాతులూ ఒకే తరగతిలో కూర్చోరాదని కెంటకీ చట్టం చేసింది. కాస్త ఆలస్యమై ఉంటే ఆ తలుపు ఆయన ముఖం మీదే మూసుకునేది. ఫిలిప్పీన్స్‌లో కొన్నేళ్లు బడుల పర్యవేక్షకుడిగా పనిచేసి వచ్చి, షికాగోలో ఎంఏ చేసి, 1912లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. హార్వర్డ్‌లో ఆ పట్టా అందుకున్న నల్లజాతివారిలో ఆయన రెండోవాడు. మొదటివాడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. అమెరికాలో బానిసలుగా పుట్టిన తల్లిదండ్రుల బిడ్డ చరిత్రలో డాక్టర్ కావడం అదే మొదలు.

నీగ్రోలకు చరిత్రంటూ ఏముందనే మాటను వుడ్సన్ ఆ హార్వర్డ్‌లోనే గురువుల నోట విన్నాడు. ఆ మాట ఆయనకు జీవితాంతం ముల్లులా గుచ్చుకుంది. మంచి చరిత్రకారులు కూడా అలా అనడానికి కారణం ద్వేషమొక్కటే కాదని ఆయనకు అర్థమైంది. దస్తావేజులు ఎవరూ పోగు చేయలేదు. పోగు చేయనిది భద్రపరచరు, భద్రపరచనిది పాఠంలోకి రాదు, పాఠంలో లేనిది అసలు జరగనే లేదని పిల్లలు అనుకుంటారు. ఈ గొలుసును మొదటి కొస దగ్గరే తెంచాలని తీర్మానించుకున్నాడు.

1915లో అందుకు సందర్భం కుదిరింది. ఆ ఏడు ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ అనే సినిమా దేశమంతా ఆడింది. నల్లవాళ్లను మృగాల్లాగా, ముసుగులు తొడుక్కుని వాళ్లను వేటాడిన కూ క్లక్స్ క్లాన్ ముఠాను వీరుల్లాగా చూపిన సినిమా. సాక్షాత్తూ అధ్యక్ష భవనంలోనే దాన్ని ప్రదర్శించారు. అబద్ధపు చరిత్రకు అంత బలముంటే, నిజమైన చరిత్రకు ఒక గదైనా ఉండాలి కదా? ఆ వేసవిలో బానిస విమోచనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా షికాగోలో పెద్ద ప్రదర్శన జరిగింది. జనం వేలల్లో వచ్చి తమ పూర్వుల పనితనాన్ని కళ్లారా చూసుకున్నారు. వుడ్సన్ కూడా అక్కడే ఉన్నాడు. సెప్టెంబర్ 9న షికాగోలోని ఒక వైఎంసీఏ భవనంలో కొద్దిమందితో కలిసి ‘నీగ్రో జీవన, చరిత్రల అధ్యయన సంఘం’ స్థాపించాడు. 1916 జనవరికల్లా పత్రిక కూడా తెచ్చాడు.

హోవర్డ్‌లో పడని పొత్తు

1919లో హోవర్డ్ ఆయన్ని డీన్‌గా పిలిచింది. నల్లవాళ్ల కోసం పుట్టిన విశ్వవిద్యాలయం, నల్లవాళ్ల చరిత్రకు అంకితమైన పండితుడు. ఇంతకన్నా మంచి జోడీ ఉంటుందా అనిపిస్తుంది. ఏడాది తిరక్కుండానే చెడింది.

అప్పటి హోవర్డ్ అధ్యక్షుడు స్టాన్లీ డర్కీ, తెల్లజాతివాడు. విశ్వవిద్యాలయానికి కేంద్రం నుంచి నిధులు రావాలి, కాబట్టి సెనేటర్లకు కోపం రాకూడదు. లైబ్రరీలో బోల్షివిజం మీద ఉన్న ఒక పుస్తకం ఒక సెనేటర్ కంట్లో పడింది. దాన్ని తీసేశారు. వుడ్సన్ ఊరుకోలేదు, బాహాటంగా తప్పుపట్టాడు. రోజూ ప్రార్థనకు ఏ అధ్యాపకుడు వస్తున్నాడో, ఎవరు రావడం లేదో లెక్క రాయమంటే, అది డీన్ చేయాల్సిన పని కాదన్నాడు. 1920లో ఆయన్ని పంపేశారు. వుడ్సన్ కూడా మెత్తని మనిషి కాదు. మాట పడడు, మాట తగ్గించడు. మరో కాలేజీలో రెండేళ్లు పనిచేశాక, ఇక ఏ విశ్వవిద్యాలయం నీడా వద్దనుకుని 1922లో వాషింగ్టన్ నైన్త్ స్ట్రీట్‌లో ఇటుకలతో కట్టిన మూడంతస్తుల ఇల్లు ఒకటి కొన్నాడు. ఇంటి నంబరు 1538. కింద కార్యాలయం, పైన పడక. పెళ్లి చేసుకోలేదు. పుస్తకాల మోత మోస్తూ వీధిలో నడిచే ఆయన్ని పిల్లలు ‘పుస్తకాల మనిషి’ అనేవారట.

ఆ ఇంటి లోపలి రోజు ఎలా గడిచేదో మనకు ఒక మహాకవి వల్ల తెలుసు. 1925 ప్రాంతంలో లాంగ్‌స్టన్ హ్యూస్ అక్కడ సహాయకుడిగా చేరాడు. ఇంకా పేరు రాని కుర్రవాడు. చలి పొద్దున్నే వచ్చి కొలిమి రాజేయాలి, గది తెరవాలి, దుమ్ము దులపాలి, ఉత్తరాలు చూడాలి. ఇవి కాక ఒక పెద్ద పని ఉంది. 1830 నాటి జనాభా లెక్కల్లో, దేశంలో బానిసలు ఇంకా లక్షల్లో ఉన్న రోజుల్లోనే, స్వేచ్ఛగా బతుకుతూ ఇంటి యజమానులుగా నమోదైన నల్లవాళ్ల పేర్లన్నీ వుడ్సన్ తీయించాడు. దాదాపు ముప్ఫై వేల పేర్లు. వాటిని అక్షర క్రమంలో పేర్చాలి, అచ్చుకు వెళ్లే ముందు ఒక్కొక్కటీ సరిచూడాలి. ఆ కాగితాలు చూసీ చూసీ హ్యూస్‌కు కళ్లు మండేవి. కొన్నాళ్లకు ఆ కొలువు మానేసి ఒక హోటల్లో ఎంగిలి పళ్లేలు తీసే పనికి వెళ్లాడు. ఆయన్ని తప్పుపట్టలేం. అయితే ఆ ముప్ఫై వేల పేర్లు పుస్తకమై మిగిలాయి. నల్లవాడంటే బానిస అని రాసిపెట్టిన దేశంలో, కాదు, ఇదిగో ఫలానా ఊళ్లో ఫలానా ఇంటి పెద్ద అని చూపే ముప్ఫై వేల సాక్ష్యాలవి.

రెండు పుట్టినరోజుల మధ్య

పండుగ ఆలోచనకు మాత్రం విశ్వవిద్యాలయంలోనే వేరుంది. 1911లో హోవర్డ్ విద్యార్థులు మొదలుపెట్టిన ఒమేగా సై ఫై అనే సోదర సంఘంలో వుడ్సన్ కూడా సభ్యుడు. మన జాతి చరిత్రను జనంలోకి తీసుకెళ్లండని 1920లో ఆయన వాళ్లను వేడుకున్నాడు. వాళ్లు 1924లో ఒక వారాన్ని అందుకు కేటాయించారు. పని బాగుంది కానీ ఒక సంఘానికి మించిన పని అది. 1926లో వుడ్సన్ దాన్ని తన చేతుల్లోకి తీసుకుని ‘నీగ్రో చరిత్ర వారం’గా ప్రకటించాడు.

ఫిబ్రవరి రెండో వారమే ఎందుకు? బానిస విమోచన ప్రకటన చేసిన లింకన్ పుట్టినరోజు ఫిబ్రవరి 12. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి, దాన్ని కూలదోయడానికి దేశమంతా గొంతెత్తిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజు ఫిబ్రవరి 14. ఈ రెండో తేదీ దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. డగ్లస్‌కు తన పుట్టినరోజు తెలియదు. బానిస బిడ్డల పుట్టుక ఎవరు రాసిపెడతారు? చిన్నప్పుడు తల్లి తనను ముద్దుగా ‘వాలెంటైన్’ అని పిలిచిందన్న ఒక్క గుర్తుతో ఫిబ్రవరి 14ను తన రోజుగా ఎంచుకున్నాడు. అలా ఒక మనిషి జ్ఞాపకంలోంచి తీసుకున్న తేదీ చుట్టూ ఒక జాతి తన చరిత్ర వారాన్ని కట్టుకుంది. అప్పటికే నల్లజాతి బడుల్లో, చర్చిల్లో ఈ రెండు రోజులూ జరుపుకునేవారు. వుడ్సన్ తెలివి అక్కడుంది. జనం ఎలాగూ చేసుకుంటున్న రెండు పుట్టినరోజులను కలిపి, ఆ ఇద్దరితో ఆగక, పేరు లేని కోట్లమంది కథ చెప్పమన్నాడు.

1926 ఫిబ్రవరి 7న మొదటి వారం మొదలైంది. నార్త్ కరోలినా, డెలావేర్, వెస్ట్ వర్జీనియా విద్యాశాఖలు, బాల్టిమోర్, వాషింగ్టన్ నగరాల బడులు ముందుకొచ్చాయి. తర్వాత ఏటేటా పెరిగింది. బొమ్మలు, కరపత్రాలు, నాటికలు, పాఠాల కట్టలు నైన్త్ స్ట్రీట్ ఇంట్లోంచి పోస్టులో వెళ్లేవి. వాటిని అందుకున్నది ఎక్కువగా నల్లజాతి పంతులమ్మలు. దక్షిణాదిలో వాళ్ల జీతాలు తక్కువ, పై అధికారుల కన్ను ఎప్పుడూ వాళ్ల మీదే. లూసియానాలో టెస్సీ మెగీ అనే ఉపాధ్యాయిని ప్రభుత్వం ఇచ్చిన పాఠ్యప్రణాళికను బల్ల మీద పెట్టుకునేది. వుడ్సన్ పుస్తకం ఆమె ఒళ్లో ఉండేది. తల వంచి ఒళ్లోంచి చదివేది. తలుపు దగ్గర ప్రిన్సిపాల్ అలికిడి కాగానే చూపు బల్ల మీదికి వచ్చేది, పాఠం మారిపోయేది. పిల్లలకు అంతా తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. 1930ల నాటి ఈ ముచ్చట ఆమె విద్యార్థి ఒకాయన పెద్దయ్యాక చెప్పాడు.

1930లలో మరో పోరు. సంఘానికి సొమ్మిచ్చే తెల్ల ధనికుల ఫౌండేషన్లు, ఏదైనా విశ్వవిద్యాలయంలో కలిసిపోమని వుడ్సన్‌ను ఒత్తిడి చేశాయి. ఆయన ససేమిరా అన్నాడు. నిధులు ఆగిపోయాయి. పండితులతోనూ పేచీలే. డుబాయిస్ పూనుకున్న నీగ్రో విజ్ఞాన సర్వస్వంలో చేరడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆగిపోయిన నిధుల లోటు పూడ్చింది చిల్లర నాణేలు. పంతులమ్మలు, చర్చి సంఘాలు, కూలి చేసుకునేవాళ్లు డాలరో రెండు డాలర్లో పంపేవారు. ఎవరికీ తలవంచకపోవడం వుడ్సన్ బలం. అదే ఆయన్ని ఒంటరివాణ్ణీ చేసింది.

ఆయన్ని పంపేసిన హోవర్డ్‌లో ఈలోగా మార్పు వచ్చింది. చరిత్ర వారం పుట్టిన 1926లోనే హోవర్డ్‌కు తొలి నల్లజాతి అధ్యక్షుడు మోర్డికై జాన్సన్ వచ్చాడు. 1930లో డొరతీ పోర్టర్ అనే లైబ్రేరియన్ అక్కడి నల్లజాతి గ్రంథాల సేకరణను చేపట్టింది. నల్లవాళ్లు రాసిన పుస్తకాలను లైబ్రరీల్లో ఎక్కడ పెట్టేవారో తెలుసా? కవిత్వమైనా, నాటకమైనా, శాస్త్రమైనా, రాసింది నల్లవాడైతే 326వ నంబరు అర. అది బానిసత్వానికి కేటాయించిన అర. లేకపోతే 325, వలసల అర. డొరతీ పోర్టర్ ఆ వరుసనే మార్చేసింది. కవి పుస్తకం కవిత్వంలోకి, చరిత్రకారుడి పుస్తకం చరిత్రలోకి. చప్పుడు లేకుండా, ఒక్కో పుస్తకం వీపు మీద నంబరు మారుస్తూ చేసిన విప్లవం అది.

వుడ్సన్ 1950 ఏప్రిల్ 3న ఆ నైన్త్ స్ట్రీట్ ఇంట్లోనే కన్నుమూశాడు.

కెంట్ కుర్రాళ్లు

పద్దెనిమిదేళ్ల తర్వాత, ఒహాయో రాష్ట్రం, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయం. మన తెలుగు పిల్లలు ఎమ్మెస్ కోసం వెళ్లే చోట్లలో ఇదొకటి. 1968లో అక్కడి విద్యార్థుల్లో నల్లవాళ్లు పిడికెడు మంది. అధ్యాపకుల్లో ఇంకా తక్కువ. 1947లో సోషియాలజీ చెప్పడానికి చేరిన ఆస్కార్ రిచీ అక్కడి మొదటి నల్లజాతి ప్రొఫెసర్. ఆయన 1967లో చనిపోయాడు.

1968 ఎలాంటి ఏడో గుర్తుచేసుకోవాలి. ఫిబ్రవరిలో సౌత్ కరోలినాలోని ఆరెంజ్‌బర్గ్‌లో బౌలింగ్ ఆటస్థలంలోకి తమనూ రానివ్వమన్న ఉద్యమంలో పోలీసు తూటాలకు ముగ్గురు యువకులు బలయ్యారు. మార్చిలో హోవర్డ్ విద్యార్థులు పరిపాలనా భవనాన్ని ఆక్రమించి, మా చదువులో మేమెక్కడ అని నిలదీశారు. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య. ఏప్రిల్ 6న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పదిహేడేళ్ల బాబీ హట్టన్‌ను పోలీసులు కాల్చి చంపారు. అతను బ్లాక్ పాంథర్ పార్టీ కుర్రవాడు.

ఆ నవంబర్‌లో అదే ఓక్లాండ్ పోలీసు శాఖ ఉద్యోగులను ఎంపిక చేసుకోవడానికి కెంట్ క్యాంపస్‌కు వచ్చింది. ఆ ఏడే పుట్టిన ‘బ్లాక్ యునైటెడ్ స్టూడెంట్స్’ సంఘం, కొందరు తెల్ల విద్యార్థులతో కలిసి ధర్నాకు కూర్చుంది. చర్య తీసుకుంటామని యాజమాన్యం బెదిరించింది. అప్పుడు వందల మంది నల్ల విద్యార్థులు ఒక పని చేశారు. సామాన్లు సర్దుకుని, మూకుమ్మడిగా క్యాంపస్ వదిలి, పక్కనున్న ఆక్రన్ నగరానికి వెళ్లిపోయారు. మేం లేకుండా మీ విశ్వవిద్యాలయం ఎలా ఉంటుందో చూసుకోండన్నట్టు. కొద్ది రోజులకే యాజమాన్యం కేసుల మాట విరమించుకుంది. వాళ్లు తిరిగొచ్చారు, అడగాల్సిన వాటి చిట్టాతో సహా: నల్లజాతి అధ్యాపకులు, తమ చరిత్ర మీద కోర్సులు, తమకొక సాంస్కృతిక కేంద్రం.

1969 ఫిబ్రవరిలో, చరిత్ర వారం జరిగే ఆ నెలలోనే, వాళ్లు మరో ప్రతిపాదన పెట్టారు. వారం చాలదు, నెల కావాలి. పేరు కూడా మారాలి, నీగ్రో కాదు, బ్లాక్. అదే ఏడు కెంట్‌లో ఆఫ్రికన్ అమెరికన్ వ్యవహారాల ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. పూర్వ విద్యార్థి ఎడ్వర్డ్ క్రాస్బీ దాన్ని నడపడానికి తిరిగొచ్చాడు. 1970 జనవరి 2న కెంట్‌లో తొలి బ్లాక్ హిస్టరీ మంత్ మొదలై ఫిబ్రవరి 28 దాకా సాగింది. పేరుకు నెల, జరిగింది యాభై ఎనిమిది రోజులు. ఇన్నేళ్ల ఆకలి ముప్ఫై రోజుల్లో తీరుతుందా మరి?

ఇక్కడ న్యాయంగా ఒకటి చెప్పాలి. నెల పాటు జరుపుకోవడం కెంట్‌లోనే పుట్టిందని కొందరు గట్టిగా అంటారు. కానీ వుడ్సన్ తరచూ ఉపన్యాసాలిచ్చిన వెస్ట్ వర్జీనియాలో 1940లలోనే ఫిబ్రవరంతా జరిపిన ఊళ్లున్నాయి. 1960లలో షికాగోలోనూ ఆ ప్రయత్నం జరిగింది. నా దృష్టిలో కెంట్ విద్యార్థుల గొప్పతనం తేదీలో లేదు. అప్పటిదాకా బడుల్లో, చర్చిల్లో, ఒళ్లో దాచిన పుస్తకాల్లో బతికిన పండుగను, తెల్లవాళ్లు తొంభై పాళ్లకు పైగా ఉన్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం చేత తన సొంత పండుగగా జరిపించారు.

ఆ సంబరం ముగిసి రెండు నెలలు దాటిందో లేదో, మే 4న అదే క్యాంపస్‌లో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా గుమిగూడిన విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ సైనికులు పదమూడు సెకన్లలో అరవై ఏడు తూటాలు కాల్చారు. నలుగురు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. చనిపోయిన నలుగురూ తెల్ల విద్యార్థులే. సైనికుల తుపాకులున్న చోటికి వెళ్లొద్దని బ్లాక్ యునైటెడ్ స్టూడెంట్స్ నాయకులు తమవాళ్లకు ముందే చెప్పారు. గుండు ముందు ఎవరి మీదికి వస్తుందో వాళ్లకు తరాల అనుభవం. పది రోజులకే మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ అనే నల్లజాతి కళాశాలలో పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. కెంట్ పేరు ప్రపంచానికి గుర్తుంది. జాక్సన్ స్టేట్ పేరు ఎంతమందికి తెలుసు? చరిత్ర నెల కావాలని ఆ కుర్రాళ్లు ఎందుకు పట్టుబట్టారో తెలియాలంటే ఈ ఒక్క తేడా చాలు.

1976లో, వుడ్సన్ వారానికి యాభై ఏళ్లు నిండినప్పుడు, ఆయన సంఘం కూడా వారాన్ని నెలగా మార్చింది. దేశం రెండు వందల ఏళ్ల పండుగలో ఉండగా అధ్యక్షుడు ఫోర్డ్ దాన్ని గుర్తిస్తూ ప్రకటన చేశాడు. మరుసటి ఏడు కెంట్‌లో పాత స్టూడెంట్ యూనియన్ భవనానికి ఆస్కార్ రిచీ పేరు పెట్టారు.

ఇదంతా మనకెందుకు అనిపించే తెలుగు పాఠకుడికి ఒక సంగతి. ఆసియావాళ్లకు అమెరికా తలుపులు దాదాపుగా మూసి ఉంచిన పాత వలస చట్టం 1965లో పోయింది. 1964 పౌరహక్కుల చట్టాన్ని సాధించిన ఉద్యమం ఊపులోనే ఆ కొత్త చట్టమూ వచ్చింది. గుంటూరు, వరంగల్ కాలేజీల్లో చదివిన మన తొలితరం డాక్టర్లు ఆ తలుపులోంచే వెళ్లారు. ఆ తలుపు తెరవడానికి దెబ్బలు తిన్నవాళ్లెవరో మన ఇళ్లలో ఎంత తక్కువగా చెప్పుకుంటామో తలచుకుంటే సిగ్గేస్తుంది.

నెల వచ్చింది, సరే. మార్చి ఒకటిన ఏం చేయాలి? ఏడాదంతా చదువుకునే డిగ్రీ ఏది, దానికి శాఖ ఏది, పాఠం చెప్పేవాళ్లేరి? ఈ ప్రశ్న పట్టుకున్నవాడు నేథన్ హేర్ అనే సోషియాలజీ అధ్యాపకుడు. 1967లో ఆయన్ని కొలువులోంచి తీసేసిన విశ్వవిద్యాలయం, విచిత్రంగా, వుడ్సన్‌ను తీసేసిన హోవర్డే. హేర్ పెట్టె సర్దుకుని పడమటి తీరానికి వెళ్లాడు. 1968 నవంబర్ 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో గంట మోగింది, తరగతి గదులు ఖాళీ అయ్యాయి. ఐదు నెలల పాటు సాగిన ఆ సమ్మెలో నల్ల విద్యార్థుల పక్కన ఆసియా పిల్లలు ఎలా నిలబడ్డారో, లౌడ్‌స్పీకర్ వైర్లు తెంచిన కాలేజీ అధ్యక్షుడు ఎవరో వచ్చే భాగంలో.